ఆన్‌లైన్ తరగతిలో నవలా బోధన: కథనశిల్ప పరిచయానికి ‘అసమర్థుని జీవయాత్ర’ ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఆన్‌లైన్ తరగతుల్లో నవల సారాంశంగానూ, కథనశిల్పం నిర్వచనాల పట్టికగానూ కుదించుకుపోతున్నాయి. కథన దృక్కోణం, అంతర్గత స్వగతం, చైతన్య స్రవంతి, వ్యంగ్యం వంటి శిల్పాంశాలు వాక్యనిర్మాణంలోనే పట్టుబడతాయి. ఒకే పుటను అందరి కళ్ల ముందూ నిలపగలిగిన తెర ఆ పనికి అనువైనదే. త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ బోధనను ఆధారం చేసుకొని, తెలుగు వాక్యంలో ‘అని’, ‘తను’ అనే రెండు మాటలు కథన దృక్కోణాన్ని ఎలా నిర్ణయిస్తాయో, వాటి సాయంతో శిల్పాన్ని ఎలా బోధించవచ్చునో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: నవలా బోధన, ఆన్‌లైన్ తరగతి, కథన దృక్కోణం, అంతర్గత స్వగతం, చైతన్య స్రవంతి, గోపీచంద్.

ప్రవేశిక

2020 మార్చిలో దేశవ్యాప్త లాక్‌డౌన్ ప్రకటించిన తరువాత కళాశాలల తరగతులు కొద్ది వారాల్లోనే తెర మీదికి మారాయి. అత్యవసరంగా మొదలైన ఆ పద్ధతి అవసరం తీరిన తరువాత కూడా పూర్తిగా తొలగిపోలేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2021లో వెలువరించిన మిశ్రమ బోధనా విధాన పత్రం, ఒక్కో కోర్సులో 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో బోధించవచ్చునని ప్రతిపాదించింది. కాబట్టి దీన్ని గడిచిపోయిన ఆపత్కాలపు ఏర్పాటుగా కాక, బోధనలో నిలిచిపోయిన ఒక భాగంగానే పరిశీలించవలసి ఉంటుంది.

ఈ మార్పు అన్ని సాహిత్య ప్రక్రియల మీద ఒకే విధంగా పనిచేయలేదు. పద్యం తెర మీద ఇముడుతుంది. నాలుగు పాదాలు, ప్రతిపదార్థం, గణవిభజన, అలంకారం అన్నీ ఒకటి రెండు స్లైడులలో కనిపిస్తాయి. కథానికను ఒక గంటలో చదివి చర్చించవచ్చు. నవల దగ్గరకు వచ్చేసరికి మూలగ్రంథమే తరగతి నుంచి మాయమవుతున్నది. రచయిత జీవితం, ఇతివృత్త సారాంశం, పాత్రల స్వభావాలు, ‘ఈ నవల చైతన్య స్రవంతి శిల్పంలో రచించబడింది’ అనే ఒక వాక్యం దాని స్థానాన్ని ఆక్రమిస్తున్నాయి. ఈ జాడ్యం ఆన్‌లైన్‌తో పుట్టినది కాదు. నల్లబల్ల కాలంలో గైడు చేసిన పనినే ఇప్పుడు స్లైడు చేస్తున్నది. అయితే ఆనాడు అధ్యాపకుని చేతిలోనైనా పుస్తకం కనిపించేది.

దీనివల్ల కలిగే నష్టం పరీక్ష వరకే పరిమితం కాదు. తెలుగు ఎం.ఏ. పూర్తిచేసి పరిశోధనకు వచ్చే విద్యార్థి శిల్పాంశాల పేర్లు చెప్పగలుగుతాడు గాని, ఎదురుగా ఉన్న పుటలో వాటిని చూపలేడు. నవల మీద వచ్చే పరిశోధన వ్యాసాలు చాలావరకు ఇతివృత్త పరిచయాలుగా మిగలడానికి ఉన్న కారణాల్లో ఇది ముఖ్యమైనది.

నవల నిడివి, తరగతి వ్యవధి

నలభై అయిదు నిమిషాల తరగతిలో నవలను చదివించడం అసాధ్యం. ఇది నేరుగా జరిగే తరగతికీ వర్తిస్తుంది. కాని తెలుగు నవల పుట్టుక నుంచే ముక్కలుగా చదవబడిన ప్రక్రియ అన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోదగినది. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో పత్రికలో భాగాలుగా వచ్చి, 1880లో పుస్తకమైంది. ఆ తరువాత వారపత్రికలు నవలకు పెంచిన పాఠకులంతా వారానికొక భాగం చదివినవారే. రెండు భాగాల నడుమ ఆ పాఠకుడు ఖాళీగా కూర్చోలేదు. జరిగినదాన్ని నెమరువేసుకున్నాడు, జరగబోయేదాన్ని ఊహించాడు, ఇంట్లోవారితో వాదించాడు. ధారావాహిక పద్ధతిలో విరామం కూడా పఠనంలో భాగమే.

వారానికి రెండు మూడు ఆన్‌లైన్ తరగతులు జరిగే చోట ఈ పద్ధతిని మళ్ళీ తీసుకురావచ్చు. ప్రతి తరగతికి ముందు విద్యార్థులు ఇరవై ముప్పై పుటలు చదివి రావాలి. తరగతిలో మాత్రం ఒకే ఒక పుటను పరిశీలించాలి. అధ్యాపకుడు ముందుగానే ఇతివృత్తం మొత్తం చెప్పేస్తే ఈ ఏర్పాటు చెడిపోతుంది. ముగింపు తెలిసిన విద్యార్థి పుట తెరవడు.

పుట తెరవడానికి అది చదవగలిగే స్థితిలో ఉండాలి. అధిక సంఖ్యాక విద్యార్థులకు తరగతి అంటే అరచేతిలోని ఫోనే. పాత ముద్రణను స్కాన్ చేసిన పి.డి.ఎఫ్. పుట ఫోను తెర మీద అక్షరం అక్షరం పెద్దది చేసుకుంటే తప్ప కనబడదు. వాక్యాన్ని చివరిదాకా చూడటానికి పుటను పక్కకు జరుపుతూ ఉండాలి. వాక్యనిర్మాణం గురించి మాట్లాడవలసిన తరగతికి ఇంతకన్నా అవరోధం మరొకటి లేదు. తరగతిలో పరిశీలించే ఆ ఒక్క పుటనైనా యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేసి ఇవ్వడం అధ్యాపకునికి అరగంట పని. దాని ఫలితం ఆ యూనిట్ అంతటా కనిపిస్తుంది.

హక్కుల విషయం కూడా పట్టించుకోవలసినదే. 1957 నాటి భారత కాపీరైటు చట్టం ప్రకారం, రచయిత మరణించిన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి 60 సంవత్సరాలు అతని రచనపై హక్కు ఉంటుంది. బోధన సందర్భంలో అధ్యాపకుడు, విద్యార్థి రచనలోని భాగాలను వాడుకోవడానికి అదే చట్టంలోని 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తున్నది. అయితే నవల మొత్తాన్ని గ్రూపులో పంచిపెట్టడానికి దీన్ని అనుమతిగా భావించడం పొరపాటు. ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో, గోపీచంద్ 1962లో కీర్తిశేషులయ్యారు కనుక ‘మాలపల్లి’ 2019 నుంచి, ‘అసమర్థుని జీవయాత్ర’ 2023 నుంచి అందరి సొత్తు. 1967లో మరణించిన బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’కి 2027 చివరి వరకు హక్కు ఉంది. హక్కు తీరిన నవలకు సైతం కొత్త ముద్రణలో చేరిన పీఠికలు, వ్యాఖ్యలు వేరే హక్కు కిందకు వస్తాయి. పాఠ్యనవలను ఎంపిక చేసే సంఘాలు సాహిత్య విలువతోపాటు ఈ సౌకర్యాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం తప్పు కాదు.

ఒక సంఘటన, నాలుగు కథనాలు

నవలలోకి ప్రవేశించే ముందు, బోధన కోసం ప్రత్యేకంగా కూర్చిన చిన్న పాఠాలతో మొదలుపెట్టడం మేలు. వసతిగృహంలో భోజనపు బాకీ కట్టలేని ఒక విద్యార్థిని తీసుకోవచ్చు. అదే సంఘటన నాలుగు విధాలుగా తెర మీద కనిపించాలి.

మొదటిది: యాదగిరి మెస్ బిల్లు కట్టలేదు. గుమాస్తా పిలిచినప్పుడు తల వంచుకుని నిలబడ్డాడు.

రెండవది: నాన్న డబ్బు ఎప్పుడు పంపుతాడో, రేపు తను ఏ ముఖం పెట్టుకుని భోజనానికి వెళ్ళాలో అని యాదగిరి మథనపడ్డాడు.

మూడవది: గుమాస్తా పిలిచాడు. యాదగిరి తల వంచుకుని నిలబడ్డాడు. నాన్న డబ్బు ఎప్పుడు పంపుతాడు? రేపు తను ఏ ముఖం పెట్టుకుని భోజనానికి వెళ్ళాలి?

నాలుగవది: మళ్ళీ పిలుస్తున్నాడు. ఆ గొంతు. అమ్మ గాజులు కుదువపెట్టిన రోజు షావుకారు గొంతూ ఇదే. పప్పు వాసన. పోయిన నెల ఎంత కట్టాను? నాన్న గొడుగు. వాన. కల్లంలో వడ్లు తడిశాయేమో.

ఈ దశలో నిర్వచనాలు అక్కరలేదు. ‘ఏ వాక్యం ఎవరిది?’ అన్న ప్రశ్న ఒక్కటే చాలు. మొదటిదానిలో కథకుడు బయట నిలబడి కంటికి కనిపించినది చెబుతున్నాడు. రెండవదానిలో యాదగిరి మనసులోకి వెళ్ళాడు గాని, ‘అని మథనపడ్డాడు’ అంటూ ఆ ఆలోచనను తన వాక్యంలో పొదిగి అందిస్తున్నాడు. మూడవదానిలో ఆ పొదుగు ఊడిపోయింది. ‘అని’ పోయింది, ప్రశ్న ప్రశ్నగానే నిలిచింది. కథకుని మాట అయితే ‘అతని తండ్రి’ అని ఉండాలి, ‘మర్నాడు’ అని ఉండాలి. ఇక్కడ ‘నాన్న’, ‘రేపు’ యాదగిరి నోటివి. అయినా ‘నేను’ అన్న మాట రాలేదు. కథకుని వ్యాకరణం మీద పాత్ర గొంతు పలుకుతున్నది. నాలుగవదానిలో కథకుడే లేడు. ఒక గొంతు మరో గొంతును, ఒక వాసన మరో జ్ఞాపకాన్ని లాగుతున్నాయి. వాక్యాలను కలిపే ‘కాబట్టి’, ‘అప్పుడు’ వంటి మాటలు కనిపించవు. ‘కట్టాను’ అన్న ఉత్తమపురుష ప్రత్యయం ఒక్కటే అది ఎవరి మనసో చెబుతున్నది.

‘అని’, ‘తను’: తెలుగు వాక్యం ఇచ్చే ఆధారాలు

పాశ్చాత్య విమర్శ గ్రంథాల నుంచి తెచ్చుకున్న కథన సిద్ధాంతం ఆయా భాషల కాలవాచక మార్పులనూ సర్వనామాల మార్పులనూ ఆధారం చేసుకుని నిర్మితమైంది. దాన్ని యథాతథంగా తెలుగు తరగతిలో ఒప్పజెబితే విద్యార్థికి అంతుపట్టకపోవడం సహజం. తెలుగు వాక్యానికి ఈ పనిలో వేరే సాధనాలున్నాయి.

వాటిలో మొదటిది అనుకారకమైన ‘అని’. పరుల మాటనైనా ఆలోచననైనా తెలుగు ఈ ఒక్క మాటతో పొదుగుతుంది. రెండవది ‘తను’. ‘రవి తను రానని చెప్పాడు’ అన్న వాక్యాన్ని పరిశీలిస్తే, పొదిగిన వాక్యంలో కర్త ‘తను’ అయినా క్రియ ‘రాను’, అంటే ఉత్తమపురుష. రవి అన్న మాట తన ప్రత్యయంతో సహా అలాగే మిగిలింది. దాన్ని ‘రవి అతడు రాడని చెప్పాడు’ అని మారిస్తే, రానిది మరొకరనే అర్థమే ముందుగా తోస్తుంది. ‘తను’ అన్న మాట కనిపించిన చోట ఆ వాక్యం ఎవరి మనసు వైపు మొగ్గుతున్నదో తెలుస్తుంది. నవలలో ‘అతడు’ నుంచి ‘తను’కు మారిన చోటు సాధారణంగా కథకుడు పక్కకు తప్పుకున్న చోటు.

మూడవది ఇంకా సూక్ష్మమైనది. ‘వెళ్ళాలి’, ‘చేయకూడదు’ వంటి క్రియారూపాలకు పురుషభేదం లేదు. ‘అది తప్పు’ వంటి క్రియారహిత వాక్యాలలోనూ ఎవరి తీర్పో తెలిపే గుర్తు ఏదీ ఉండదు. ‘వెళ్ళాడు’, ‘వెళ్ళాను’ అన్నప్పుడు తెలిసిపోయే వక్త, ‘వెళ్ళాలి’ అన్నప్పుడు తెలియకుండా ఉండిపోతాడు. కథకుడూ పాత్రా ఒకే వాక్యంలో కలిసి నిలబడటానికి తెలుగు వ్యాకరణమే చోటు ఇస్తున్నది. మనోవైజ్ఞానిక నవలాకారులు ఈ చోటును విరివిగా వాడుకున్నారు. దీన్ని విమర్శకులు తగినంతగా పట్టించుకోలేదనే చెప్పాలి.

‘అసమర్థుని జీవయాత్ర’ ముందు కూర్చున్నప్పుడు

1940లలో వచ్చిన ఈ నవలను తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా సాహిత్య చరిత్రకారులు పేర్కొంటారు. సంపన్న కుటుంబంలో పుట్టి, వంశప్రతిష్ఠ అనే భారం నెత్తికెత్తుకుని, ఆస్తిని పోగొట్టుకుని, ఉద్యోగంలో ఇమడలేక, ఇంట్లో భార్యను బాధిస్తూ, చివరకు శ్మశానంలో ముగిసే సీతారామారావు కథ ఇది. ఇంతవరకు చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. సారాంశానికి ఇంతకుమించి కాలం ఇవ్వనవసరం లేదు.

బోధన శీర్షికతోనే మొదలు కావాలి. ‘అసమర్థుడు’ అన్న తీర్పు ఎవరిది? నవల తెరవకముందే అట్టమీద ఒక నిర్ణయం వెలువడింది. లోపలి పుటల్లో సీతారామారావు తన ప్రతి పనికీ కారణం వెతుకుతాడు, ప్రతి ఓటమినీ మరెవరి మీదికో నెడతాడు. ఆ తర్కం చదువుతున్నంతసేపూ పాఠకుడు అతని పక్షాన ఉన్నట్టే ఉంటాడు. అట్టమీది మాటకూ లోపలి వాదానికీ మధ్య ఉన్న ఎడమే ఈ నవలలోని వ్యంగ్యానికి మూలం. ఎక్కడా స్థిరంగా నిలవలేని, ఎటూ సాగలేని మనిషి బతుక్కు ‘యాత్ర’ అన్న పేరు పెట్టడం దానికి మరో మెలిక.

ఇక్కడ పరిభాష అడ్డుపడుతుంది. అలంకారశాస్త్రం చదివిన విద్యార్థికి వ్యంగ్యం అంటే వ్యంజనావృత్తి వల్ల స్ఫురించే అర్థం. పత్రికలు చదివే విద్యార్థికి అది ఎత్తిపొడుపు. నవలా విమర్శలో ఆ మాట, పాత్ర తనను గురించి అనుకునేదానికీ పాఠకుడు గ్రహించేదానికీ నడుమ ఉన్న వైరుధ్యాన్ని సూచిస్తుంది. ఈ మూడర్థాలనూ మొదటిరోజే విడదీసి చూపకపోతే, జవాబు పత్రంలో అవి కలగాపులగమై వస్తాయి.

తరువాత, సీతారామారావు తనలో తాను తర్కించుకునే ఒక పుటను ఎంచుకుని తెర మీద ఉంచాలి. వాక్యాలకు వరుస సంఖ్యలు వేయాలి. ప్రతి వాక్యానికీ ఎదురుగా ‘కథకుడు’, ‘సీతారామారావు’, ‘చెప్పలేం’ అనే మూడింటిలో ఒకటి రాయమని విద్యార్థులను కోరాలి. సమాధానం అందరికీ కనిపించే చోట కాక, మొదట అధ్యాపకునికి మాత్రమే పంపాలి. ఆన్‌లైన్ తరగతికి ఉన్న అసలైన అనుకూలత ఇదే. గదిలో మొదటి వరుసలోని ఇద్దరు చెప్పిన సమాధానమే తరగతి సమాధానమవుతుంది. ఇక్కడ నోరు విప్పి మాట్లాడటానికి జంకే విద్యార్థి కూడా మొదటివానితో సమానంగా ఒక నిర్ణయం తీసుకుని రాయవలసి వస్తుంది.

ఏకాభిప్రాయం వచ్చిన వాక్యాలను వదిలి, అభిప్రాయాలు చీలిన వాక్యం దగ్గర ఆగాలి. ‘చెప్పలేం’ అన్న సమాధానాన్ని తప్పించుకునే ధోరణిగా తీసుకోకూడదు. ఆ వాక్యంలో ‘అని’ ఉందా, ‘తను’ ఉందా, క్రియకు పురుష ప్రత్యయం ఉందా అన్న మూడు ప్రశ్నలు వేస్తే, ఎందుకు చెప్పలేకపోతున్నారో విద్యార్థులే కనుగొంటారు. ఈ నవలలో ‘ఎందుకు?’ అన్న ప్రశ్నకు ప్రత్యేక స్థానం ఉంది. ఆ ప్రశ్న వేయడం నేర్పిన తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరికే గోపీచంద్ దీన్ని అంకితం ఇచ్చాడు. సీతారామారావు వేసుకునే ప్రశ్న అతనిదా, అతని వెనుక నిలిచిన రచయితదా అన్న చర్చ తరగతిలో తప్పక వస్తుంది. దాన్ని తొందరపడి ముగించకుండా తరువాతి తరగతికి వదిలిపెట్టడమే మంచిది.

‘చైతన్య స్రవంతి’ అన్న ముద్ర

విలియం జేమ్స్ 1890 నాటి మనోవిజ్ఞాన గ్రంథంలో ప్రచారంలోకి తెచ్చిన ఈ భావనను, 1918లో మే సింక్లెయిర్ డొరొతీ రిచర్డ్‌సన్ నవలలను విమర్శిస్తూ సాహిత్యానికి అన్వయించింది. తెలుగులో అది ఒక గౌరవ బిరుదులా మారింది. పాత్ర ఆలోచించిన ప్రతి నవలనూ గైడ్లు ఈ గాటనే కట్టివేస్తాయి. పైన చూపిన నాలుగు పాఠాల కొలతతో చూస్తే, ‘అసమర్థుని జీవయాత్ర’ ప్రధానంగా రెండవ, మూడవ పద్ధతుల మధ్య నడుస్తుంది. అందులో తర్కం ఉంది, వాదప్రతివాదాలున్నాయి, కథకుడు ఎన్నడూ పూర్తిగా తప్పుకోడు. నాలుగవ పద్ధతి స్వభావం తెలియాలంటే నవీన్ ‘అంపశయ్య’ (1969) నుంచి ఒక పుటను దాని పక్కన పెట్టాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఉండే రవి అనే విద్యార్థి ఒక్కరోజు మనఃస్థితి ఆ నవలకు వస్తువు. ఒకటి జీవితకాలాన్ని చిన్న పుస్తకంలో ఇమిడ్చింది, రెండవది ఒక్కరోజును నవలంత సాగదీసింది. కథాకాలానికీ కథనకాలానికీ ఉన్న భేదం ఇంతకన్నా తేలికగా బోధపడే మార్గం లేదు. భీష్ముని శరతల్పాన్ని గుర్తుచేసే ఆ శీర్షిక, పేదరికంతో, భయంతో గడిచే విద్యార్థి రోజుకు ప్రతీక ఎలా అయిందన్నది ఆ వయసు విద్యార్థులకు విడమరచి చెప్పవలసిన విషయం కాదు.

తెర మీద సాధ్యం కానివి

కెమెరాలు ఆపి ఉన్న తరగతిలో, చదువుతున్న పుట విద్యార్థిని తాకిందో లేదో అధ్యాపకునికి తెలియదు. ముఖం చూసి వేగం తగ్గించడం, ఉదాహరణ మార్చడం కుదరదు. ఇంట్లో ఒకే ఫోను ఉన్నప్పుడు అది మొదట ఎవరి చేతికి వెళుతుందో, ఎవరు వంటింటి పని నడుమ చెవిలో పాఠం పెట్టుకుని వింటారో వేరే చెప్పనవసరం లేదు. రికార్డు చేసిన పాఠం కొంత మేలు చేస్తుంది కాని, వాక్యాల మీద నిర్ణయం తీసుకునే అభ్యాసం రికార్డులో జరగదు. అటువంటివారికి అదే పుటను వాట్సాప్‌లో పంపి, తీరిక దొరికినప్పుడు సమాధానం రాసి పంపమనడం న్యాయం. తక్షణ హాజరుకు ఉన్న విలువే దానికీ ఉండాలి.

బిగ్గరగా చదవడం మరో విషయం. నవలా వాక్యంలోని గొంతు కంటికన్నా చెవికి ముందు తెలుస్తుంది. నెట్‌వర్కు తెగిపోతూ ఉండే ప్రత్యక్ష తరగతిలో అది రసాభాస అవుతుంది గాని, విద్యార్థి తన గొంతుతో అర పుట చదివి ఆడియోగా పంపడం సాధ్యమే. శ్రీకాకుళం యాసలో ఒకరు, కరీంనగర్ యాసలో ఒకరు సీతారామారావు స్వగతాన్ని చదివినప్పుడు, ఒకే ప్రశ్న ఒకరి నోట జాలిగానూ మరొకరి నోట దబాయింపుగానూ వినిపిస్తుంది. ఏ పఠనం పుటకు దగ్గరగా ఉందన్న చర్చకు అదే ఆధారం.

మూల్యాంకనం

ప్రశ్నపత్రం మారకపోతే పై ప్రయత్నమంతా వృథా. ‘సీతారామారావు పాత్రచిత్రణను వివరించండి’ అన్న ప్రశ్నకు నవల చదవని విద్యార్థి కూడా నాలుగు పుటలు రాయగలడు. ఇంటి దగ్గర రాసే ఆన్‌లైన్ పరీక్షలో అయితే అది రాయనక్కర కూడా లేదు, ఎక్కడినుంచైనా అతికించవచ్చు. ‘చైతన్య స్రవంతిని నిర్వచించండి’ అన్న ప్రశ్న పరిస్థితీ అంతే.

తరగతిలో చర్చించని ఒక పుటను ఇచ్చి, అందులో కథకుని గొంతు పాత్ర గొంతుగా మారిన వాక్యాన్ని గుర్తించి, అలా మారిందనడానికి భాషాపరమైన ఆధారం చూపమని అడగవచ్చు. లేదా ఆ పుటలోని ‘తను’లన్నిటినీ ‘నేను’గా మార్చి తిరిగి రాసి, ఏది పోయిందో ఒక పేరాలో చెప్పమనవచ్చు. ‘నేను’ అన్న సీతారామారావు కేవలం తన పక్షం చెప్పుకునే మనిషి అవుతాడు. అతని పక్కన నిలబడి చూస్తున్న కథకుడు పోతాడు, దానితోపాటు వ్యంగ్యమూ పోతుంది. ఈ సంగతిని విద్యార్థి తన మాటల్లో ఎంత తడబడుతూ రాసినా, సరైన వాక్యాన్ని చూపినట్లయితే పూర్తి మార్కులు ఇవ్వవలసినదే. పారిభాషిక పదం వాడలేదన్న కారణంతో అక్కడ కోత పెట్టకూడదు.